మీకు తెలుసా? మనం ఇంట్లో, మన బదులు మరమనిషి వీధిలో!

ఉదయం లేవగానే గదిలోని వాలుకుర్చీలో పడుకుని, తలకూ కళ్ళకూ పరికరాలు తగిలించుకుంటే చాలు. మీ బదులు ఒక మరమనిషి ముస్తాబై ఆఫీసుకు వెళ్తుంది. అది చూసింది మీరు చూస్తారు, అది తాకింది మీకు తెలుస్తుంది. దానికి ముసలితనం రాదు, జబ్బు చేయదు. దెబ్బ తగిలినా నొప్పి మీదాకా రాదు. 2009 సెప్టెంబరు 25న అమెరికాలో విడుదలైన ‘సరోగేట్స్’ సినిమా చూపించిన లోకం ఇది. జోనథన్ మోస్టో దర్శకుడు, బ్రూస్ విల్లిస్ కథానాయకుడు. నిడివి 89 నిమిషాలే. సినిమా చిన్నదే అయినా అది లేవనెత్తిన ప్రశ్న చాలా పెద్దది. ఆనాడు ఊహగా కనిపించిన పనులు కొన్ని ఇవాళ ఆస్పత్రుల్లో, దుకాణాల్లో, కాఫీ హోటళ్ళలో నిజంగానే జరుగుతున్నాయి. ఆ సినిమా గురించీ, దాని చుట్టూ ఉన్న విజ్ఞానం గురించీ తెలుసుకోదగ్గ సంగతులు కొన్ని చూద్దాం. కథలోని మలుపులు కూడా ఇందులో ఉన్నాయి. సినిమా చూడాలనుకునేవారు ముందు చూసి వచ్చి చదవండి.

1. నూటికి 98 మంది గడప దాటరు

సినిమా లోకంలో జనాభాలో 98 శాతం మంది సరోగేట్లనే ఈ మరమనుషుల ద్వారానే బతుకుతుంటారు. వీధిలో కనిపించేవాళ్ళంతా నిగనిగలాడే యువతీయువకులే. చంపితే పాడయ్యేది యంత్రమే కాబట్టి హత్యలు దాదాపు లేకుండా పోయాయి. అలాంటి చోట ఒక రాత్రి రెండు సరోగేట్లు ధ్వంసమవుతాయి. ఇళ్ళల్లో కూర్చుని వాటిని నడుపుతున్న మనుషులు కూడా అదే క్షణంలో చనిపోయారని తేలుతుంది. యంత్రాన్ని కొడితే మనిషి చావడమేమిటన్న చిక్కుముడిని విప్పడానికి ఎఫ్‌బీఐ అధికారి టామ్ గ్రీర్ బయల్దేరతాడు. చనిపోయిన ఇద్దరిలో ఒకరి సరోగేట్ అందమైన యువతి, దాన్ని నడిపినది మాత్రం భారీకాయుడైన ఒక మగవాడు. ఎదుటి మనిషి అసలు ఎవరన్న సందేహాన్ని దర్శకుడు ఆ ఒక్క దృశ్యంతోనే ప్రేక్షకుడి మనసులో నాటేశాడు.

2. పుస్తకాలు ప్యాక్ చేసే కుర్రాడు రాసిన కథ

ఈ సినిమాకు ఆధారం ఒక కామిక్ పుస్తకం. రాసినవాడు రాబర్ట్ వెండిటి, బొమ్మలు వేసినవాడు బ్రెట్ వెల్డెల్. టాప్ షెల్ఫ్ అనే ప్రచురణ సంస్థ దీన్ని 2005–06లో అయిదు భాగాలుగా తెచ్చింది. అప్పటికి వెండిటి పేరున్న రచయితేమీ కాదు. అదే సంస్థలో పుస్తకాలను పెట్టెల్లో సర్ది పాఠకులకు పంపే పని చేస్తుండేవాడు. కామిక్‌లో కథ 2054లో, అమెరికాలోని జార్జియా ప్రాంతంలో జరుగుతుంది. సినిమావాళ్ళు దాన్ని బోస్టన్ నగరానికి మార్చి, చిత్రీకరణ కూడా ఆ నగరంలో, చుట్టుపక్కల ఊళ్ళలో చేశారు. కామిక్‌లో హార్వీ గ్రీర్‌గా ఉన్న కథానాయకుడు తెరమీద టామ్ గ్రీర్ అయ్యాడు.

3. కథకు మూలంలో ముంబయిలో పుట్టిన రచయిత

వెండిటికి ఈ ఆలోచన రావడానికి కారణం ‘ది సైబర్‌జిప్సీస్’ అనే పుస్తకం. రాసినది ముంబయిలో పుట్టిన ఇంద్ర సిన్హా. ఇంటర్నెట్ తొలినాళ్ళలో తెరమీద తాము సృష్టించుకున్న మారు మనుషుల జీవితంలో మునిగిపోయి, ఉద్యోగాలనూ కాపురాలనూ పోగొట్టుకున్నవాళ్ళ సంగతులు అందులో ఉన్నాయి. అది 1999లో వచ్చింది. తెరమీది ఆ మారు మనిషిని వీధిలోకి కూడా పంపగలిగితే ఎలా ఉంటుందన్న ఊహ అక్కడే మొలకెత్తింది. ఇదే ఇంద్ర సిన్హా తర్వాత భోపాల్ గ్యాస్ దుర్ఘటన నేపథ్యంలో ‘యానిమల్స్ పీపుల్’ నవల రాశారు. 2007లో బుకర్ బహుమతి తుది జాబితాలో అది చోటు సంపాదించింది.

4. సరోగేట్‌ను కనిపెట్టినవాడు చక్రాల కుర్చీలో ఉంటాడు

సినిమాలో అందరూ గుర్తుంచుకోవాల్సిన పాత్ర డాక్టర్ లయొనెల్ కాంటర్. జేమ్స్ క్రాంవెల్ ఈ పాత్ర వేశాడు. సరోగేట్లను కనిపెట్టింది ఇతనే. తనలాగా నడవలేనివాళ్ళు లేచి తిరగగలగాలన్నది అతని మొదటి ఆశ. ఆ తర్వాత వాటిని తయారుచేసే కంపెనీ అందరికీ అమ్మింది. కాళ్ళూ చేతులూ బాగా ఉన్నవాళ్ళు కూడా గదుల్లోంచి కదలడం మానేశారు. ఆ బాధే అతణ్ణి చివరికి తన సృష్టినీ, దాన్ని వాడుతున్న కోట్ల మందినీ అంతం చేయాలన్న దారుణానికి ఈడుస్తుంది. కష్టంలో ఉన్నవాళ్ళ కోసం పుట్టిన పరికరం సుఖంలో ఉన్నవాళ్ళకు వ్యసనం కావడం ఈ కథకు అసలు వెన్నెముక. తుపాకుల మోతలో ఆ విషయానికి సినిమా తగినంత చోటు ఇవ్వలేదన్నది నా బాధ.

5. రెండు సినిమాలు, ఒకే నటుడు, రోబోల తండ్రి పాత్రే

2004లో వచ్చిన ‘ఐ, రోబోట్’లోనూ రోబోలను రూపొందించిన శాస్త్రవేత్త డాక్టర్ ఆల్ఫ్రెడ్ లానింగ్‌గా కనిపించింది ఈ క్రాంవెలే. ఆ సినిమాలో కథ మొదలయ్యేది ఆ శాస్త్రవేత్త మరణంతో. ఇక మోస్టోకు కూడా యంత్రాల కథలు కొత్తకాదు. 2003 నాటి ‘టెర్మినేటర్ 3’ దర్శకుడు ఆయనే. దాని స్క్రీన్‌ప్లే రాసిన జాన్ బ్రంకాటో, మైకేల్ ఫెరిస్ జంటే ‘సరోగేట్స్’కూ రాసింది. టెర్మినేటర్‌లో యంత్రాలు మనిషి మీద యుద్ధం ప్రకటిస్తాయి. ఇక్కడ యంత్రాలకు ఏ దురుద్దేశమూ లేదు. మనిషే ఇష్టపడి వాటికి తన జీవితాన్ని అప్పజెప్పాడు. రెండింటిలో నన్ను ఎక్కువ భయపెట్టేది రెండోదే.

6. ఒకే ఏడాదిలో మూడు సినిమాలకు ఒకే ఊహ

‘సరోగేట్స్’ రావడానికి మూడు వారాల ముందు, 2009 సెప్టెంబరు 4న ‘గేమర్’ వచ్చింది. అందులో ఖైదీల శరీరాలను ఇంట్లో కూర్చున్న ఆటగాళ్ళు నడిపిస్తారు. డిసెంబరు 18న జేమ్స్ కామెరాన్ ‘అవతార్’ వచ్చి ప్రపంచాన్ని ఊపేసింది. అందులో చక్రాల కుర్చీకే పరిమితమైన జేక్ సల్లీ ఒక నీలి దేహంలోంచి పరుగెత్తుతాడు. కొత్త కాళ్ళతో మట్టిని తొలిసారి తాకినప్పటి అతని ఆనందం చూసినవాళ్ళెవరూ మరిచిపోరు. మారు దేహం వల్ల కలిగే మేలు ‘అవతార్’లో కనిపిస్తే, దానికి చెల్లించాల్సిన మూల్యం ‘సరోగేట్స్’లో కనిపించింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తేనే బొమ్మ పూర్తవుతుంది.

7. టైటిల్స్‌లో కనిపించే శాస్త్రవేత్త నిజమైనవాడు

సినిమా మొదటి నిమిషాల్లో, సరోగేట్లు ఎలా పుట్టుకొచ్చాయో చెప్పేచోట, ఒక జపాన్ ఆచార్యుడూ అచ్చం ఆయనలాగే ఉన్న రోబో కనిపిస్తారు. అవి గ్రాఫిక్స్ కావు. ఆయన ఒసాకా విశ్వవిద్యాలయానికి చెందిన హిరోషి ఇషిగురో. తన పోలికలతోనే ‘జెమినాయిడ్’ అనే ఆండ్రాయిడ్‌ను 2006లో లోకానికి చూపించాడు. అది తనంతట తాను ఆలోచించదు. వేరే చోట కూర్చున్న మనిషి మాట్లాడితే దాని పెదవులు ఆడతాయి, అతను తల తిప్పితే దాని తల తిరుగుతుంది. ఇంకో వింత కూడా ఉంది. ఎదురుగా ఉన్నవాళ్ళు ఆ బొమ్మ చెంపను వేలితో పొడిచినప్పుడు, దూరంగా ఉన్న తన చెంపనే ఎవరో తాకినట్టు అనిపిస్తుందని ఇషిగురో చెప్పాడు. స్పర్శను మోసుకొచ్చే తీగ ఏదీ ఆ బొమ్మకూ ఆయనకూ మధ్య లేదు. ఆ అనుభూతి మొత్తం మెదడు అల్లుకున్నదే.

8. రబ్బరు చేయి మన చేయి అయిపోతుంది

ఇషిగురో అనుభవం వెనుక గట్టి పరిశోధన ఉంది. 1998లో బాట్వినిక్, కోహెన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ‘నేచర్’ పత్రికలో ఒక చిన్న ప్రయోగాన్ని ప్రచురించారు. మనిషి చేతిని తెర చాటున ఉంచి, కళ్ళెదుట ఒక రబ్బరు చేతిని పెట్టారు. రెండింటినీ ఒకే లయలో కుంచెతో నిమిరారు. కాసేపటికి చాలామందికి ఆ రబ్బరు చేయి తమదే అనిపించింది. 2008లో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థలో పెట్కోవా, ఎర్సన్ దీన్ని మొత్తం శరీరానికి విస్తరించారు. బట్టల దుకాణాల్లో ఉండేలాంటి నిలువెత్తు బొమ్మ తలకు కెమెరాలు బిగించి, ఆ దృశ్యాన్ని మనిషి కళ్ళెదుటి తెరల్లోకి పంపారు. బొమ్మ పొట్టనూ మనిషి పొట్టనూ ఒకేసారి తడిమారు. ఆ తర్వాత బొమ్మ దగ్గరికి కత్తి తెస్తే మనిషి ఒంటికి చెమట పట్టింది. ‘ఇది నా ఒళ్ళు’ అన్న నమ్మకం మనం అనుకున్నంత గట్టిదేమీ కాదు. మారు దేహాలు పనిచేయగలగడానికి పునాది ఇక్కడే ఉంది.

9. పొడుగు బొమ్మ వేసుకుంటే పొగరు పెరుగుతుంది

సినిమాలో అందరూ తమకంటే అందమైన రూపాలను ఎంచుకుంటారు. ఆ రూపం మన నడతను మార్చేస్తుందా? 2007లో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన నిక్ యీ, జెరెమీ బెయిలెన్సన్ దీన్ని పరీక్షించారు. కంప్యూటర్ సృష్టించిన లోకంలో కొందరికి అందమైన రూపం ఇచ్చారు. వాళ్ళు అపరిచితులకు దగ్గరగా వెళ్ళి నిలబడి, తమ గురించి ఎక్కువ సంగతులు పంచుకున్నారు. పొడుగు రూపం పొందినవాళ్ళు డబ్బు పంపకం బేరంలో తమకే ఎక్కువ వాటా లాక్కోవడానికి చూశారు. పొట్టి రూపం వచ్చినవాళ్ళు అన్యాయమైన వాటాకు కూడా తల ఊపారు. కొద్ది నిమిషాల పాటు వేసుకున్న రూపమే ఇంత చేస్తే, ఏళ్ళ తరబడి వేసుకున్న రూపం మనిషిని ఎంత మార్చేస్తుందో ఊహించండి.

10. పూర్తిగా మనిషిలా ఉండీ ఉండనట్టుంటే భయం

రోబో మనిషి పోలికకు దగ్గరవుతున్నకొద్దీ మనకు దాని మీద ఇష్టం పెరుగుతుంది. అయితే దాదాపు మనిషిలా అయినచోట ఆ ఇష్టం ఒక్కసారిగా జారిపోయి ఒళ్ళు జలదరిస్తుంది. టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఆచార్యుడు మసాహిరో మోరి 1970లోనే ఈ మాట చెప్పాడు. చీకట్లో కరచాలనం చేసిన చేయి చల్లని కృత్రిమ హస్తమని తెలిసినప్పుడు కలిగే ఉలికిపాటును ఉదాహరణగా చూపించాడు. ‘సరోగేట్స్’లో నటులను మరమనుషులుగా చూపడానికి మేకప్‌తో పాటు కంప్యూటర్ సాయంతో చర్మంమీది మచ్చలూ ముడతలూ చెరిపేశారు. తన సరోగేట్‌గా పట్టులాంటి జుట్టుతో కనిపించే విల్లిస్‌నూ, ఇంట్లో బోడిగుండుతో గడ్డం మాసిన విల్లిస్‌నూ వెంటవెంటనే చూసినప్పుడు, ముడతలున్న ముఖమే మనకు ఆత్మీయంగా అనిపిస్తుంది.

11. దూరం నుంచి నడిపిన తొలి యంత్రాల్లో ఒక పడవ

1898లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్ ప్రదర్శనలో నికొలా టెస్లా నీళ్ళలో ఒక చిన్న పడవను వదిలాడు. తీగ లేకుండా, రేడియో తరంగాలతో దాన్ని అటూ ఇటూ తిప్పి చూపించాడు. ఆ ఏడాది నవంబరులోనే పేటెంటు కూడా వచ్చింది. మనిషి ఒకచోట, అతని ఆజ్ఞను పాటించే యంత్రం ఇంకోచోట ఉండవచ్చని జనం కళ్ళారా చూసిన తొలి సందర్భాల్లో ఇదొకటి.

12. బలహీనమైన కండరాల నుంచి పుట్టిన బలమైన ఊహ

1942లో రాబర్ట్ హైన్‌లైన్ ‘వాల్డో’ అనే కథ రాశాడు. అందులో వాల్డోకు పుట్టుకతోనే కండరాల జబ్బు ఉంటుంది. చెంచా ఎత్తడమే కష్టం. అతను తన చేతి కదలికలను అనుసరించే యంత్రపు చేతులను తయారుచేసుకుని, దూరం నుంచే పెద్ద పెద్ద పనులు చక్కబెడతాడు. 1940ల చివర్లో అమెరికాలోని ఆర్గాన్ ప్రయోగశాలలో రేమండ్ గోర్ట్జ్ అలాంటి చేతులను నిజంగానే చేశాడు. అణుధార్మిక పదార్థాలను మందపాటి గోడకు ఇవతల నిలబడి పట్టుకోవడానికి అవి పనికొచ్చాయి. మన భాభా అణు పరిశోధన కేంద్రం కూడా అలాంటి పరికరాలను రూపొందించుకుంది. వాల్డో, కాంటర్, జేక్ సల్లీ ముగ్గురినీ వరసగా తలుచుకోండి. మారు దేహం గురించిన ఈ కథలు మూడూ శరీరం సహకరించని మనిషి దగ్గరే మొదలయ్యాయి.

13. 1980లో రెండు దేశాల్లో ఒకే కల

కృత్రిమ మేధ పరిశోధకుడు మార్విన్ మిన్‌స్కీ 1980లో ‘ఆమ్ని’ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. సెన్సర్లు కుట్టిన చొక్కా తొడుక్కుని, ఎక్కడో ఉన్న యంత్రపు చేతులతో పనిచేసే రోజు వస్తుందన్నాడు. గనులు, అణు కేంద్రాలు, సముద్రగర్భం లాంటి ప్రమాదకరమైన చోట్లకు మనిషి ఒంటితో వెళ్ళనక్కర్లేదన్నాడు. అదే ఏడాది జపాన్‌లో సుసుము తాచి కూడా ఈ దారిలోనే ఆలోచించి, తర్వాతి దశాబ్దాల్లో ‘టెలెసార్’ రోబోల వరసను తయారుచేశాడు.

14. దూరాన్ని జయించవచ్చు, కాంతి వేగాన్ని కాదు

1970 నవంబరు 17న చంద్రుడి మీద దిగిన సోవియట్ బండి లునోఖోద్–1ను క్రిమియాలో కూర్చున్న అయిదుగురి బృందం నడిపింది. సంకేతం వెళ్ళి రావడానికే రెండున్నర సెకన్లు పట్టేది. అయినా ఆ బండి పది కిలోమీటర్లకు పైగా తిరిగింది. అంగారకుడి విషయంలో ఇలా కుదరదు. రెండు గ్రహాల మధ్య దూరాన్ని బట్టి సంకేతం ఒక వైపు చేరడానికే 3 నుంచి 22 నిమిషాల దాకా పడుతుంది. అందుకే అక్కడి రోవర్లను స్టీరింగ్ పట్టినట్టు నడపరు. చేయాల్సిన పనుల జాబితా పంపితే, దారిలోని రాళ్ళను అవే చూసుకుంటాయి. సినిమాలోలాగా క్షణక్షణం మన కళ్ళూ చేతులూ అయ్యే మరమనిషి భూమి మీద సాధ్యం కావచ్చు గానీ, భూమి నుంచి అంగారకుడి మీద నడపడం సాధ్యం కాదు.

15. డాక్టరు న్యూయార్క్‌లో, రోగి ఫ్రాన్స్‌లో

2001 సెప్టెంబరు 7న ఫ్రెంచి సర్జన్ జాక్ మారెస్కో న్యూయార్క్‌లో కూర్చుని, అట్లాంటిక్ అవతల స్ట్రాస్‌బర్గ్ ఆస్పత్రిలో ఉన్న 68 ఏళ్ళ మహిళకు పిత్తాశయం తీసేశాడు. చేతులు ‘జ్యూస్’ అనే రోబోవి. 1927లో అట్లాంటిక్‌ను ఒంటరిగా విమానంలో దాటిన లిండ్‌బర్గ్ పేరే ఈ శస్త్రచికిత్సకు పెట్టారు. మన దేశంలోనూ ఇలాంటి ఘనత ఉంది. 2018 డిసెంబరులో హృద్రోగ నిపుణుడు తేజస్ పటేల్ గాంధీనగర్‌లోని అక్షరధామ్ ఆలయ ప్రాంగణంలో కూర్చుని, సుమారు 32 కిలోమీటర్ల దూరంలో అహ్మదాబాద్ ఆస్పత్రిలో ఉన్న రోగుల గుండె రక్తనాళాల్లో రోబో సాయంతో స్టెంట్లు అమర్చాడు. గుండెపోటు వచ్చిన మనిషికి ప్రతి నిమిషమూ విలువైనదే. పెద్ద నగరాలకు దూరంగా బతికే కోట్ల మందికి ఇది ఎంత ఆశో వేరే చెప్పనక్కర్లేదు.

16. బొమ్మ లోపల ఎవరున్నారు?

సినిమాలో ఒక అధికారిణిని చంపినవాళ్ళు ఆమె సరోగేట్‌ను స్వాధీనం చేసుకుంటారు. ఎదుట ఉన్నవాళ్ళకు ఆ సంగతి తెలియదు, ముఖం మాత్రం అదే. ఇది సినిమా భయం మాత్రమే కాదు. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో ‘రావెన్–2’ అనే శస్త్రచికిత్స రోబో మీద తామే సైబర్ దాడి చేసి చూశారు. ఆదేశాలను ఆలస్యం చేయవచ్చని, తారుమారు చేయవచ్చని, నియంత్రణ మొత్తం లాక్కోవచ్చని నిరూపించారు. తాళం బలమెంతో ముందే తెలుసుకోవడం వాళ్ళ ఉద్దేశం. 2025 అక్టోబరులో 1ఎక్స్ అనే సంస్థ 20,000 డాలర్లకు ‘నియో’ అనే ఇంటి రోబోను ప్రకటించింది. అది ఇంకా నేర్చుకోని పనులను దూరంగా కూర్చున్న ఉద్యోగి దాని కళ్ళతో చూస్తూ చేసిపెట్టే ఏర్పాటు ఉంది. మన వంటింట్లో, పడకగదిలో తిరిగే ఆ కళ్ళ వెనుక ఎవరుంటారో అడిగి తెలుసుకునే హక్కు మనకు ఉండి తీరాలి.

17. దూరంగా ఉన్నా గాయం తప్పదు

సినిమాలో సైనికులు కూడా సరోగేట్లతోనే యుద్ధం చేస్తారు. యంత్రం కూలితే మరో యంత్రంలోకి మారతారు. నిజ జీవితంలో దీనికి దగ్గరగా ఉన్నది డ్రోన్ యుద్ధం. వేల మైళ్ళ దూరంలో నెవాడా ఎడారి లాంటి చోట్ల కూర్చుని డ్రోన్లు నడిపే అమెరికా పైలట్ల ఆరోగ్య రికార్డులను ఆ దేశ రక్షణ శాఖ పరిశోధకులు పరిశీలించి 2013లో నివేదిక ఇచ్చారు. యుద్ధ విమానాల్లో స్వయంగా ఎగిరేవాళ్ళకు వచ్చే మానసిక సమస్యలు దాదాపు అదే స్థాయిలో వీళ్ళకూ వస్తున్నాయని తేలింది. ఒంటికి దెబ్బ తగలకపోయినా, చూసిన దృశ్యం, చేసిన పని మనసులో మిగిలిపోతాయి. శరీరాన్ని పక్కన పెట్టి వెళ్ళవచ్చు కానీ మనస్సాక్షి మాత్రం వెంటే వస్తుంది.

18. చెమట మాత్రమే సరిహద్దు దాటుతుంది

2008లో అలెక్స్ రివెరా తీసిన ‘స్లీప్ డీలర్’ సినిమాలో మెక్సికో కార్మికులు తమ దేశం దాటకుండానే అమెరికాలోని రోబోలను నడుపుతూ కట్టడాలు కడతారు. ఆ దేశానికి వాళ్ళ శ్రమ కావాలి, వాళ్ళు మాత్రం అక్కర్లేదు. దీని నీడ ఇవాళ నిజంగానే కనిపిస్తోంది. జపాన్‌లోని ఫ్యామిలీమార్ట్ దుకాణాల్లో పానీయాల సీసాలు సర్దే రోబోలు ఎక్కడైనా తడబడితే, ఫిలిప్పీన్స్‌లోని మనీలాలో కూర్చున్న యువకులు కళ్ళద్దాల్లాంటి పరికరం పెట్టుకుని వాటిని సరిదిద్దుతారు. ఉద్యోగం ఊళ్ళోకే రావడం మంచిదే. జీతం ఏ దేశపు లెక్కన ఇస్తారు, కార్మిక చట్టం ఎవరిది వర్తిస్తుందన్న ప్రశ్నలకు మాత్రం ఇప్పటినుంచే జవాబు వెతకాలి. చదువుకున్న యువత సముద్రాలు దాటి పనులకు వెళ్ళే మన తెలుగు రాష్ట్రాలకు ఇది దూరపు సంగతేమీ కాదు.

19. రాయిని తాకి గుర్తుపట్టిన రోబోకు అయిదు మిలియన్ డాలర్లు

మారు దేహాలను తయారుచేసేవాళ్ళ కోసం జపాన్ విమానయాన సంస్థ ఆనా డబ్బు పెట్టగా, ఎక్స్‌ప్రైజ్ సంస్థ 2018లో కోటి డాలర్ల పోటీ ప్రకటించింది. 2022 నవంబరులో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో తుది పోటీ జరిగింది. రోబోలను నడిపింది వాటిని తయారుచేసినవాళ్ళు కాదు. కాసేపు శిక్షణ పొందిన న్యాయనిర్ణేతలే నడిపారు. చివరి పరీక్ష చాలా కష్టమైనది. కళ్ళకు కనబడని రాళ్ళను తడిమి, గరుకుగా ఉన్నదాన్ని ఏరాలి. జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయానికి చెందిన నింబ్రో జట్టు గెలిచి 50 లక్షల డాలర్లు అందుకుంది. మూడో స్థానంలో నిలిచిన నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయం ఉన్నది సినిమా కథ జరిగిన బోస్టన్‌లోనే.

20. మంచం మీద నుంచి కాఫీ అందిస్తున్నారు

ఈ జాబితాలో నా మనసుకు అన్నింటికంటే దగ్గరైనది ఇది. కెంటారో యోషిఫుజి చిన్నప్పుడు అనారోగ్యంతో మూడున్నరేళ్ళు సరిగ్గా బడికి వెళ్ళలేకపోయాడు. ఆ ఒంటరితనాన్ని మరిచిపోకుండా పెద్దయ్యాక ‘ఒరిహిమె’ అనే చిన్న రోబోను తయారుచేశాడు. బాల్యంలో ప్రమాదం జరిగి మెడ కింద కదలిక కోల్పోయిన ఒక మిత్రుడు దాని ద్వారానే ఆయన దగ్గర కార్యదర్శిగా పనిచేశాడు. కాఫీ అందించగల ఒళ్ళు కావాలన్న ఆ మిత్రుడి మాట నుంచి 120 సెంటీమీటర్ల ఎత్తున్న ‘ఒరిహిమె–డి’ పుట్టింది. ఆ మిత్రుడు 2017లో కన్నుమూశాడు. 2018లో టోక్యోలో కొద్ది రోజుల ప్రయోగంగా మొదలైన ‘డాన్’ కెఫే 2021 జూన్ నుంచి నిహొన్‌బాషిలో శాశ్వతంగా నడుస్తోంది. అక్కడ ఆర్డరు తీసుకునే రోబోల వెనుక ఉన్నది ఇళ్ళలో, ఆస్పత్రుల్లో మంచం దిగలేని మనుషులు. ఏఎల్ఎస్ అనే నరాల జబ్బుతో వేళ్ళు కూడా కదపలేనివాళ్ళు కనుచూపుతోనే అక్షరాలు ఎంచుకుని అతిథులతో మాట్లాడతారు. ఈ పనికి వాళ్ళకు జీతం అందుతుంది. ఈ రోబోకు సినిమా సరోగేట్‌లా సొగసైన ముఖం లేదు. తెల్లటి ముసుగులాంటి ముఖం, రెండు కళ్ళు, అంతే. అతిథులు మాట్లాడేది మాత్రం బొమ్మతో కాదు, పేరూ కబుర్లూ నవ్వూ ఉన్న ఒక మనిషితో.

21. నటుడి ముఖానికే మారు ముఖం

2021లో రష్యా టెలిఫోన్ సంస్థ మెగాఫోన్ ప్రకటనలో బ్రూస్ విల్లిస్ కనిపించాడు. నటించింది వేరొకరు. డీప్‌కేక్ అనే సంస్థ కంప్యూటర్‌తో అతికించిన ముఖమే విల్లిస్‌ది. 2022 మార్చిలో మాట తడబడే అఫేసియా కారణంగా ఆయన నటన నుంచి తప్పుకుంటున్నారని కుటుంబం ప్రకటించింది. 2023 ఫిబ్రవరిలో అది మతిమరుపు వ్యాధుల్లో ఒకటైన ఫ్రాంటోటెంపొరల్ డిమెన్షియాగా తేలింది. ఈ మధ్యలో ఆయన తన ముఖం హక్కులు అమ్ముకున్నారన్న వార్త పాకితే, ఆయన ప్రతినిధి 2022 అక్టోబరులో ఖండించాడు. ఒక మనిషి రూపం మీద చివరి మాట ఆ మనిషిదే కావాలి. తన మాట తాను చెప్పుకోలేని స్థితిలో ఉన్నవారి విషయంలో ఈ నియమం మరింత గట్టిగా ఉండాలి.

22. దేహాన్ని మరిచిన శంకరుడు, గది దాటని మ్యాగీ

పరకాయ ప్రవేశం మన కథలకు కొత్త కాదు. వాదంలో విదుషి ఉభయభారతి వేసిన ప్రశ్నలకు జవాబు తెలుసుకోవడానికి ఆదిశంకరులు అమరుక రాజు దేహంలో ప్రవేశించారని, గుహలో ఉంచిన ఆయన దేహాన్ని శిష్యులు కాపలా కాశారని ఐతిహ్యం. రాజభోగాల్లో గడువు దాటిపోతే శిష్యులే గాయకులుగా వెళ్ళి, పాడి, ఆయనెవరో గుర్తుచేశారట. ‘సరోగేట్స్’లో రోసమండ్ పైక్ వేసిన గ్రీర్ భార్య మ్యాగీ పాత్ర అచ్చం అదే మరుపులో ఉంటుంది. కొడుకు ప్రమాదంలో పోయాక ఆమె తన గది తలుపు మూసుకుంది. బయట తిరిగేది చిరునవ్వు చెదరని ఆమె సరోగేట్. భర్త ఆ నిలువెత్తు అందాన్ని కాదని, గదిలో ఉన్న అలసిన భార్యను చూడాలని ప్రాధేయపడతాడు. దుఃఖం తీరాలంటే దాన్ని ఇంకొకరితో కలిసి మోయాలి. ఆ పని సరోగేట్ చేయలేదు. చివర్లో గ్రీర్ మనుషుల ప్రాణాలు కాపాడి, సరోగేట్లన్నీ ఆగిపోయేలా చేయడానికి అసలు కారణం మ్యాగీయే.

ఇంతకీ మనం ఏం అడగాలి?

టోక్యో కెఫేలో ఒరిహిమె ఒక మనిషికి పనినీ, గౌరవాన్నీ, నలుగురితో మాటనూ తెచ్చిపెట్టింది. సినిమాలో మ్యాగీకి సరోగేట్ ఆ మూడింటినీ దూరం చేసింది. యంత్రం రెండుచోట్లా ఒకలాంటిదే. ఎవరి కోసం, ఎంత మేరకు వాడామన్నదే తేడా. జపాన్ ప్రభుత్వం తన మూన్‌షాట్ పథకం కింద 2050 నాటికి మనుషులు శరీరం, మెదడు, స్థలం, కాలం పెట్టే పరిమితులను దాటాలని లక్ష్యం పెట్టుకుంది. అలాంటి యంత్రాలు మన ఆస్పత్రులకూ, కర్మాగారాలకూ, ఇళ్ళకూ వస్తాయి. వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు అడుగుదాం. మంచం దిగలేనివారికీ, వైద్యం అందని ఊళ్ళకూ ఇది ముందుగా అందుతోందా? దాన్ని నడుపుతున్నది ఎవరో, వారికి న్యాయమైన జీతం వస్తోందో మనకు తెలుసా? దాన్ని వాడే మనిషి కన్నవారి దగ్గరా కట్టుకున్నవారి దగ్గరా తన సొంత ముఖంతోనే కూర్చుంటున్నాడా? ఈ మూడింటికీ అవునన్న జవాబు వస్తే ఆ యంత్రాన్ని మనసారా ఆహ్వానించవచ్చు. ఏ ఒక్కదానికి కాదన్నా, దాన్ని ఎంత అందంగా చేసినా ఇంట్లోకి తెచ్చుకునే ముందు మరోసారి ఆలోచించాల్సిందే.